పుత్రవాత్సల్యమును పరీక్షాధర్మమును

మహాభారతము ఆదిపర్వమునందు ద్రోణాచార్యుని శిక్షణకు సంబంధించిన చిన్న వృత్తాంతమొకటి కలదు. పెద్ద కథల నడుమ నుండుటచే అది తొందరగా కంటబడదు. ద్రోణుడు శిష్యులను నీరు తెచ్చుటకు పంపెడివాడు. తక్కిన శిష్యులకు ఇరుకుమూతి గల కమండలువులను, తన కుమారుడగు అశ్వత్థామకు మాత్రము వెడల్పుమూతి గల కుండను ఇచ్చెడివాడు. ఇరుకుమూతి పాత్ర నిండుటకు చాలసేపు పట్టును. వెడల్పుమూతి కుండ ముంచిన వెంటనే నిండును. అందుచేత అశ్వత్థామ అందఱికంటె ముందు తిరిగి వచ్చెడివాడు. తక్కినవారు వచ్చులోపల తండ్రి ఆతనికి విశేషమైన అస్త్రవిద్యను బోధించెడివాడు. అర్జునుడు దీనిని కనిపెట్టెను. ఆతడు గురువును నిందింపలేదు. వారుణాస్త్రముతో తన కమండలువును క్షణములో నింపుకొని గురుపుత్రునితో సమముగా వచ్చి నిలిచెను.

ద్రోణుడు దుర్మార్గుడు కాడు. ఆతడు ఏ శాసనమును ఉల్లంఘింపలేదు. తన కొడుకు కొంచెము ముందుండవలెనని కోరిన తండ్రి మాత్రమే. ఆ కొడుకు పసితనమున పాలకై ఏడ్చినప్పుడు పోయుటకు ఇంట పాలు లేని దారిద్ర్యమును అనుభవించిన తండ్రి. అట్టివాడు కొడుకు చేతికి వేఱు కుండను ఇచ్చినచో మనకు కోపమురాదు, జాలి కలుగును. కాకిపిల్ల కాకికి ముద్దు అని లోకము ఊరక అనలేదు. అయినను ప్రశ్న మిగిలియే యున్నది. తల్లిదండ్రులు బిడ్డలకు చేయు సాయము ఎంతవరకు ధర్మము? ఏ గీటు దాటిన పిమ్మట అది అధర్మమగును?

మన కాలమున ఈ ప్రశ్న కాలేజి ప్రవేశముల వాకిట నిలిచియున్నది. 2019 మార్చి 12వ తేదీన అమెరికాలోని బోస్టన్ నగరమున ప్రభుత్వ న్యాయవాదులు ఒక పెద్ద మోసమును బయటపెట్టిరి. విలియం రిక్ సింగర్ అను ప్రవేశసలహాదారు 2011 మొదలు 2018 వరకు ధనవంతులగు తల్లిదండ్రుల నుండి సుమారు రెండున్నర కోట్ల డాలర్లు తీసికొని, వారి బిడ్డలకు పేరుపొందిన విశ్వవిద్యాలయములలో సీట్లు సంపాదించి పెట్టుచుండెను. ఆనాడు అభియోగమునకు గురియైన 50 మందిలో 33 మంది తల్లిదండ్రులే. వారిలో సినిమాతారలు, వ్యాపారసంస్థల అధిపతులు, న్యాయవాదులు కలరు.

ఆతని పద్ధతులు రెండు. మొదటిది పరీక్షకు సంబంధించినది. అమెరికాలో కాలేజి ప్రవేశమునకై ఎస్.ఏ.టి., ఏ.సి.టి. అను పరీక్షలు వ్రాయుదురు. చదువుటలో నిజమైన ఇబ్బంది గల బిడ్డలకు ఆ పరీక్షలలో అదనపు సమయమిచ్చు దయగల నియమమొకటి కలదు. సింగర్ ఆ నియమమునే ఆధారము చేసికొనెను. అవసరము లేని బిడ్డలకు కూడ వైద్యుల పత్రములను సంపాదింపజేసి, తాను లంచమిచ్చి లోబఱచుకొన్న పరీక్షాకేంద్రములకు వారిని పంపెడివాడు. అచ్చట ఆతని మనిషి బిడ్డ వ్రాసిన జవాబులను దిద్దెడివాడు. రెండవ పద్ధతి ఆటలకు సంబంధించినది. పడవపందెములలో ఎన్నడును తెడ్డు పట్టని బిడ్డలను క్రీడాకారులుగా చూపి, శిక్షకులకు సొమ్ము ముట్టజెప్పి, క్రీడల పేర సీటు ఇప్పించెడివాడు. ఈ సొమ్ము ఒక ధర్మసంస్థకు చందాగా చెల్లెడిది. దానిని దానముగా చూపి ఆదాయపు పన్నులో మినహాయింపు పొందినవారును కలరు. బలహీనులకై యేర్పడిన నియమము బలవంతులకు నిచ్చెన అయినది; దానమను పవిత్రమైన మాట లంచమునకు ముసుగైనది.

ఫెలిసిటీ హఫ్‌మన్ అను ప్రసిద్ధనటి 15,000 డాలర్లు చెల్లించి తన కుమార్తె జవాబులను దిద్దించెను. 2019 సెప్టెంబరులో న్యాయస్థానము ఆమెకు 14 దినముల కారాగారశిక్షను, 30,000 డాలర్ల జరిమానాను విధించెను. సింగర్‌కు 2023 జనవరిలో మూడున్నర సంవత్సరముల శిక్ష పడెను.

సింగర్ తన వద్దకు వచ్చిన తల్లిదండ్రులకు చెప్పిన మాట న్యాయస్థానపు కాగితములకెక్కినది. కాలేజికి మూడు ద్వారములు కలవట. సింహద్వారము బిడ్డ తన శక్తితో ప్రవేశించునది. దొడ్డిద్వారము సంస్థకు భారీ విరాళమిచ్చి ప్రవేశించునది. అది మిక్కిలి ఖరీదైనది, అయినను సీటు వచ్చునను హామీ లేనిది. తాను తెఱచినది ప్రక్కద్వారము. దానికి ఖరీదు తక్కువ, హామీ ఎక్కువ.

లోకమంతయు ప్రక్కద్వారమును చూచి ఛీకొట్టెను. ఉచితమే. కాని దొడ్డిద్వారము మాటయేమి? అది నేరము కాదు, గౌరవనీయమైన ఆచారము. హార్వర్డు విశ్వవిద్యాలయముపై నడచిన వ్యాజ్యము 2018లో విచారణకు వచ్చినప్పుడు ఆ సంస్థ లెక్కలు వెలుగులోనికి వచ్చినవి. ఆఱు సంవత్సరముల ప్రవేశములను పరిశీలింపగా, పూర్వవిద్యార్థుల బిడ్డలలో నూటికి సుమారు 34 మందికి సీటు లభించినది; తక్కినవారిలో నూటికి సుమారు ఆఱుగురికే లభించినది. దాతల బిడ్డలు మొదలగువారి పేర్లకు ప్రవేశాధికారి యొద్ద ప్రత్యేకమైన పట్టిక యున్నదనియు తెలిసినది. 2023 జూన్ 29న అమెరికా సుప్రీంకోర్టు ఆ వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, జాతిని బట్టి ఇచ్చు ప్రాధాన్యమును కొట్టివేసెను. వంశమును బట్టి ఇచ్చు ప్రాధాన్యమును ఆ తీర్పు తొలగింపలేదు. అదే సంవత్సరము రాజ్ చెట్టి మొదలగు ఆర్థికశాస్త్రజ్ఞులు తమ పరిశోధనను ప్రకటించిరి. పరీక్షలో మార్కులు సమానముగా నున్నప్పుడు కూడ, ఆ దేశమున నూటికి ఒకటిగా నుండు మహాధనిక కుటుంబముల బిడ్డలు, మధ్యతరగతి బిడ్డలకంటె రెట్టింపునకు మించి ఆ 12 అగ్రవిద్యాసంస్థలలో చేరుచున్నారని వారు తేల్చిరి.

ఇట్టి మొగ్గు లేకున్న విద్యాసంస్థలు నిలువవని కొందఱందురు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ పూర్వవిద్యార్థుల బిడ్డలకు ఏ ప్రాధాన్యమును ఈయదు. అయినను దాని కీర్తి తగ్గలేదు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయము 2014లో ఆ ఆచారమును విడిచిపెట్టెను. కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో ప్రైవేటు విద్యాసంస్థలలో కూడ దానిని నిషేధించుచు శాసనము చేసెను. అనగా, శాసనసమ్మతమైన దానినంతను ధర్మసమ్మతమని అనుకొనుట తగదని ఆ దేశీయులే తెలిసికొనుచున్నారు.

పరదేశపు దోషములను ఎన్నుట తేలిక. మన యింటిని కూడ చూచుకొందము. 1986లో మహారాష్ట్ర ముఖ్యమంత్రి శివాజీరావు పాటిల్ నీలంగేకర్ పదవిని వదలవలసి వచ్చెను. ఆయన కుమార్తె వ్రాసిన ఎం.డి. పరీక్షలో మార్కులు తారుమారైనవను వ్యాజ్యమున బొంబాయి హైకోర్టు ఆయనను తప్పుపట్టుచు వ్యాఖ్యలు చేయుటయే దానికి కారణము. మన తెలుగునాట కాపిటేషన్ ఫీజును నిషేధించుచు 1983లోనే శాసనము వెలువడినది. విద్యను వ్యాపారము చేయరాదని సుప్రీంకోర్టు 1993లో చెప్పిన ఉన్నికృష్ణన్ తీర్పు, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము ప్రతివాదిగా నున్న వ్యాజ్యముననే వచ్చినది. అయినను డొనేషన్ సీటు అను మాట మన యిండ్లలో నేటికిని వాడుకలో నున్నది. ప్రవాసభారతీయుల బిడ్డలకై నూటికి 15 సీట్లకు మించకుండ కేటాయింపవచ్చునని 2005లో సుప్రీంకోర్టు అనుమతించెను. పంజాబు ప్రభుత్వము 2024లో ఆ నియమమును సాగదీసి, మేనమామయో పినతండ్రియో విదేశమున నున్నను చాలుననెను. హైకోర్టు దానిని కొట్టివేసెను. సుప్రీంకోర్టు అది మోసమని చెప్పి హైకోర్టు నిర్ణయమును నిలిపెను. కావున కుండ ఒక్క దేశపుది కాదు. పలుకుబడి గలచోట నెల్ల అది దొరకును.

ఇందు ఎవరికి అన్యాయము జరిగినదని అడుగువారు కలరు. ఈ అపరాధములోని ప్రత్యేకత యేమనగా, నష్టపోయినవాడు ఎవరికిని కనిపింపడు. ఇంట దొంగలు పడినచో ఇంటివాడు మేల్కొని కేకవేయును. సీటు పోయిన బాలుడు అట్లు కేకవేయడు. తనది పోయినదని ఆతనికి తెలియనే తెలియదు. ఆతడు జాబితాలో తన పేరు వెదకి, కానరాక, తనకు చాలినంత తెలివి లేదని తలంచి తలవంచుకొని ఇంటికి పోవును. పొలము కుదువబెట్టి చదివించిన తండ్రియు మన తలవ్రాత యింతే అని ఊరకుండును. ఆ బాలుడు కోల్పోయినది సీటొక్కటియే కాదు. తనను గూర్చిన సత్యమును కూడ కోల్పోయినాడు. నీవు చాలవు అని లోకము ఆతనితో అబద్ధమాడినది. ఆతడు దానిని నిజమని నమ్మి జీవితాంతము మోయును.

పరీక్షయన్న నేమి? బిడ్డకు తనను గూర్చి నిష్పక్షపాతముగా చెప్పు మాట. ఇంతవరకు వచ్చితివి, ఇంకను ఇంత నేర్వవలసియున్నది అని చెప్పు సాక్షి. తల్లి ముద్దుచే ఎక్కువ చెప్పును. పగవాడు అసూయచే తక్కువ చెప్పును. అటు ఇటు మొగ్గక చెప్పు నోరు బిడ్డకు ఒకటి కావలెను. ఆ సాక్షిని కొన్నవాడు ఒక్క సీటు కొన్నాడని అనుకొనును. నిజమునకు ఇద్దఱు బిడ్డలకు అబద్ధము చెప్పించుచున్నాడు. బయట నిలిచినవానికి చెప్పినది మొదటిది. లోపలికి పోయిన తన బిడ్డకు చెప్పినది రెండవది.

ఈ రెండవ అబద్ధము ఇంకను లోతుగా దిగును. హఫ్‌మన్ న్యాయాధిపతికి వ్రాసికొన్న లేఖలో ఒక సంగతి కలదు. తల్లి చేసిన పని కుమార్తెకు తెలియదు. తెలిసిననాడు ఆ బిడ్డ కన్నీరు కార్చుచు, తననెందుకు నమ్మలేదని, తన శక్తితో తాను చేయగలనని ఎందుకు అనుకొనలేదని తల్లిని అడిగెనట. న్యాయస్థానము విధించిన 14 దినముల శిక్షకంటె ఈ ప్రశ్నయే పెద్ద శిక్షయని నాకు తోచును. తల్లి ప్రేమచేతనే ఆ పని చేసినది, సందేహము లేదు. కాని ఆ ప్రేమ బిడ్డకు అందించిన సందేశమేమి? నీ చేత కాదు. నీ జవాబు చాలదు. నీవు నీవుగా నున్న లోకమునకు పనికిరావు. పగవాడు సైతము బిడ్డతో ఇంతమాట అనుటకు జంకును.

ఇక మూడవ నష్టము లోకమునకు జరుగును. ఎం.డి. పట్టము గోడకు వ్రేలాడదీసికొనుటకు కాదు. దానిని నమ్మి ఒక పేదతల్లి తన జ్వరపుబిడ్డను వైద్యుని చేతిలో పెట్టును. ఆ పట్టము వెనుకనున్న మార్కులు ఎవరివో ఆమె యెఱుగదు, అడుగజాలదు. ఆమె చేయగలిగినది నమ్ముటయే. ఒక్క పట్టము అబద్ధమని తేలిననాడు, కష్టపడి చదివిన వేయిమంది పట్టములపై కూడ ఆ మచ్చ పడును.

ఇచ్చట రెండు ఆక్షేపణలకు సమాధానము చెప్పవలసియున్నది. మొదటిది: గొప్ప కుటుంబము ఇచ్చిన విరాళముతో గ్రంథాలయము వెలయును, పేదవిద్యార్థులకు వేతనములు లభించును, ఒక్క సీటు ఇచ్చి నూఱుగురికి మేలు చేయుట తప్పా? ఈ వాదము తేలికగా త్రోసివేయదగినది కాదు. కాని ప్రత్యుపకారమును ఆశించి చేయు దానము సాత్త్వికదానము కాదని గీత చెప్పుచున్నది. నిజముగా గ్రంథాలయమే కోరినచో, బిడ్డ చదువు ముగిసిన పిమ్మటనో, బిడ్డ చదువని కాలేజికో ఇవ్వవచ్చును. అట్లు ఇచ్చుటకు చేయి రానిచో అది దానము కాదు, బేరము. బేరమునకు పెట్టిన వస్తువు తమదైనను బాగుండెడిది; ఆ సీటు ఇంకెవ్వరి బిడ్డదో.

రెండవ ఆక్షేపణ ఇంతకంటె బలమైనది. పరీక్ష మాత్రము నిష్పక్షపాతమా? ధనవంతుని బిడ్డకు పుస్తకములు, ఉపాధ్యాయులు, ప్రశాంతమైన గది, కడుపునిండ తిండి కలవు. పేదబిడ్డ దీపము వెలుతురుకై వెదకికొనవలెను. కనుక మార్కులలో కూడ ఇంటి కలిమి కలసియే యుండును. ఇది సత్యము, దీనిని కాదనుట ఆత్మవంచన. కాని త్రాసులో లోపమున్నదని తెలిసినవాడు చేయదగినదేమి? త్రాసును సరిచేయుట. త్రాసు ఎట్లును సరిగా లేదు గదా అని తన వైపు తట్టపై వ్రేలు మోపుట కాదు. పైగా, ఆ లోపము ఇదివఱకే ఎవరి వైపు మొగ్గుచున్నదో వారు ఆ వ్రేలు మోపినచో తప్పు రెట్టింపగును. కలిమి గల బిడ్డ పదియడుగులు ముందునుండి పరుగు మొదలిడుచున్నాడు. ఆ పదియడుగులు చాలవని, చివరిగీటును కూడ జరిపించుకొందుమనుట ఏమి న్యాయము?

అట్లయిన గీటు ఎచ్చట? బిడ్డ బలమును పెంచు సాయము వేఱు. బిడ్డ బలమునకు బదులుగా నిలుచు సాయము వేఱు. ఈత నేర్చువానికి బెండు కట్టి, ప్రక్కన నిలిచి, చేయి ఆడించుట నేర్పు తండ్రి ధర్మము చేయుచున్నాడు. కొడుకును వీపుపై మోసికొని ఆవలిగట్టునకు చేర్చి, వీడు ఏఱు ఈదినాడని ఊరికి చాటు తండ్రి అధర్మము చేయుచున్నాడు. మంచిబడికి పంపుట, రాత్రి మేల్కొని పాఠము చెప్పుట, పుస్తకములు కొనుట మొదటి తెగకు చెందును. జవాబు దిద్దించుట, సిఫారసు ఉత్తరము, అధికారికి టెలిఫోను, బంధుత్వపు నెపము రెండవ తెగకు చెందును. సందేహము వచ్చినచోట రెండు ప్రశ్నలు వేసికొనిన చాలును. నేను చేయునది, సీటు రాని బాలుని తండ్రి యెదుట నిలిచి చెప్పగలనా? నా బిడ్డకే చెప్పగలనా? రెండింటికిని నోరు రానిచో ఆ పని గీటు దాటినదని తెలిసికొనవలెను.

పెద్దపదవులలో నున్నవారికి ఈ విషయమున అదనపు బాధ్యత కలదు. వారు నోరు తెఱచి అడుగనక్కఱలేదు. వారి పేరు వినినంతనే క్రింది ఉద్యోగి కలము వణకును. కనుక వారికి ఊరకుండుట చాలదు. నా బిడ్డ అని చూడవలదు అని ముందుగనే స్పష్టముగా చెప్పవలెను. బిడ్డకు తక్కువ మార్కులు వచ్చినప్పుడు, చిన్న కాలేజిలో చేర్పించుటకు సిగ్గుపడరాదు. సిగ్గుపడదగినది అబద్ధమునకే గాని ఓటమికి కాదు. అట్లే పేపరు దిద్దు ఉపాధ్యాయుడు తన ఎఱ్ఱసిరా కలమును న్యాయాధిపతి చేతి కలముగా భావింపవలెను. ఎదుటనున్న అంకెల వెనుక ఏ వంశమున్నదో ఆతడు వెదకరాదు.

వంశమును మించినది సత్యమని మన దేశమున ఒక ప్రవేశకథ కలదు. ఛాందోగ్యోపనిషత్తునందు సత్యకాముడను బాలుడు విద్యకై గౌతముని ఆశ్రమమునకు పోయెను. నీ గోత్రమేమని గురువు అడిగెను. తల్లికి కూడ అది తెలియదని, తాను జబాల కుమారుడనని మాత్రమే చెప్పగలనని ఆ బాలుడు ఉన్నది ఉన్నట్లు చెప్పెను. అచ్చట ఏదో ఒక గోత్రమును కల్పించి చెప్పుట ఎంతపని? ఆతడు ఖాళీని ఖాళీగానే ఉంచెను. సత్యమునుండి తొలగని వానిని నేను స్వీకరింతునని గురువు ఆతనిని చేర్చుకొనెను. ప్రవేశపత్రములో చెప్పుకొనదగిన తండ్రిపేరు లేని బాలుడు, ఆ కారణముచేతనే అందఱికంటె గొప్ప అర్హతను చూపగలిగెను.

ఇక మొదటి కథకు వత్తము. అశ్వత్థామ కథ కుండతో ముగియలేదు. యుద్ధము ముగిసినది; తండ్రి గతించినాడు. రాత్రివేళ నిద్రించుచున్నవారిని చంపిన అశ్వత్థామను పాండవులు వెంటాడగా, ఆతడు గడ్డిపరకను మంత్రించి బ్రహ్మశిరమను మహాస్త్రమును ప్రయోగించెను. అర్జునుడును దానికి ప్రతిగా అదే అస్త్రమును విడిచెను. వ్యాసనారదులు నడుమ నిలిచి, లోకము నిలువదు, ఉపసంహరింపుడనిరి. అర్జునుడు ఉపసంహరించెను. అశ్వత్థామకు అది చేతకాలేదు. విడుచుట ఇద్దఱికిని తెలియును; మఱలించుట నియమముతో బ్రదికినవానికి మాత్రమే సాధ్యము. కొడుకు పట్టుబట్టి అడుగగా, ఆతని చాపల్యము తెలిసియు, మనసొప్పకయే ద్రోణుడు ఆ అస్త్రమును ఇచ్చెనని శ్రీకృష్ణుడు అంతకుముందే చెప్పియుండెను. తండ్రి అస్త్రమును ఈయగలిగెను. దానిని మఱలించుకొను యోగ్యతను ఈయలేకపోయెను. ఆ అస్త్రము పోయి తగిలినది ఎవరికి? ఏ పాపము నెఱుగని, ఇంకను లోకమును చూడని గర్భస్థశిశువునకు.

తల్లిదండ్రులారా, మన బిడ్డలకు ఇరుకుమూతి పాత్రనే ఇత్తము. అది నిండుటకు ఆలస్యమగును. బిడ్డ విసుగుకొనును, ఇతరులు ముందు పోవుట చూచి మన మనసు చివుక్కుమనును. కాని నీరు మెల్లగా నిండు ఆ సమయముననే చేతికి ఓర్పు, బుద్ధికి ఉపాయము, మనసునకు ధైర్యము అలవడును. అర్జునునకు ఇరుకుమూతి పాత్ర ఇచ్చిన పాఠమును, వెడల్పుమూతి కుండ అశ్వత్థామకు నేర్పలేకపోయినది.